ఆదోని పత్తి, ఎమ్మిగనూరు మగ్గం, మధ్యలో ఒక కణం

కణం అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది హైస్కూలు జీవశాస్త్రం రికార్డు. పెన్సిల్‌తో ఒక కోడిగుడ్డు ఆకారం, లోపల ఒక నల్ల చుక్క, చుట్టూ గీతలు లాగి కేంద్రకం, రిక్తిక, మైటోకాండ్రియా అని పేర్లు. "కణ శక్త్యాగారములు అని వేటినందురు?" అంటే టకీమని జవాబు చెప్పేసి, ఇంటర్లో ఎంపీసీ తీసుకుని ఆ గొడవ వదిలించుకున్నవాళ్ళమే ఎక్కువ. కణం అంటే మైక్రోస్కోపులో తప్ప కనిపించనిది, మనకి సంబంధం లేనిది అని ఒక అభిప్రాయం అలా స్థిరపడిపోయింది.

నిజానికి కంటితో చూడగలిగే, చేత్తో పట్టుకోగలిగే కణం ఒకటి మన ఒంటిమీదే ఉంటుంది. పత్తి పోగు. గింజ మీద నుంచి ఒక్క దూది పోగు పీకి చూడండి. అది పది కణాల గొలుసు కాదు, వంద కణాల కట్ట కాదు. మొత్తం కలిపి ఒకే ఒక్క కణం. మందం పదిహేను, ఇరవై మైక్రాన్లు, పొడవు మాత్రం రెండున్నర, మూడు సెంటీమీటర్లు. అంటే తన మందానికి వెయ్యి రెట్లకి పైగా పొడవు. గింజ పైపొరలో ఉన్న కణాల్లో సుమారు నాలుగో వంతు ఇలా జుట్టులా బయటికి పెరుగుతాయి. ఒక్కో గింజ మీద పదివేలకు పైనే ఉంటాయి.

అందుకే కణం చరిత్ర చెప్పుకోవాలంటే లండనూ, బెర్లినూ ఎంత ముఖ్యమో కర్నూలు జిల్లా పడమటి అంచున ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు కూడా అంత ముఖ్యమని నాకనిపిస్తుంది. ఆదోని ఈ కణాన్ని అమ్మే ఊరు. ఎమ్మిగనూరు ఈ కణాన్ని నేసే ఊరు. నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. శాస్త్రం కణం గోడ దగ్గర మొదలై, లోపలికి పోయి ఒక్కో భాగం ఏం చేస్తుందో తెలుసుకోడానికి దాదాపు మూడొందల ఏళ్ళు పట్టింది. పత్తి బజారు మాత్రం ఇప్పటికీ గోడ దగ్గరే ఉండిపోయింది. ఆ తేడాకి మూల్యం చెల్లిస్తున్నది రైతు.

ముందు గోడ సంగతి. 1665లో రాబర్ట్ హుక్ సీసా బిరడాలు చేసే కార్క్‌ని పల్చగా కోసి తన మైక్రోస్కోపులో చూశాడు. చిన్న చిన్న ఖాళీ గదుల్లా కనిపించాయి. వాటికి సెల్ అని పేరు పెట్టాడు. మన భాషలో అది కణం అయింది. ఇక్కడ గమనించాల్సిందేమిటంటే హుక్ చూసినవి చచ్చిపోయిన కణాలు. లోపల ఉన్నదంతా ఎప్పుడో ఎండిపోయి, మిగిలింది వట్టి గోడలే. ఖాళీ ఇల్లు చూసి ఇంటికి పేరు పెట్టినట్టు, కణానికి దాని గోడని బట్టే పేరొచ్చింది. అప్పటికి ఆదోని కోట బిజాపూర్ ఆదిల్‌షాహీల చేతిలో ఉంది. కోట కింద పేటలో ఏకిన దూదిని ఎవరైనా ఆ మైక్రోస్కోపు కింద పెట్టి ఉంటే హుక్‌కి కనిపించేది కూడా అదే, చచ్చిన కణం గోడ. కాకపోతే మెలికలు తిరిగిన రిబ్బనులా ఉండేది. ఆ మెలికల సంగతి తర్వాత చెప్తాను.

గోడ దేంతో తయారైందో తెలియడానికి ఇంకో 170 ఏళ్ళు పట్టింది. 1838లో ఆన్సెల్మ్ పేయెన్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మొక్కల గోడల్లో ఉన్న ముఖ్య పదార్థాన్ని విడదీశాడు. అదే సెల్యులోజ్. చక్కెర అణువుల్నే వేల సంఖ్యలో గొలుసుకట్టుగా పేరిస్తే వచ్చేది. చెక్కలో సెల్యులోజ్ సగం దాకా ఉంటే, ముదిరిన పత్తి పోగులో తొంభై శాతం దాటి ఉంటుంది. అంటే మనం "కాటన్" అని డబ్బిచ్చి కొనుక్కుంటున్నది శుద్ధంగా ఒక కణకవచాన్ని. సరిగ్గా అదే సమయంలో, 1838-39లో, ష్లైడెన్, ష్వాన్ అనే ఇద్దరు జర్మన్లు మొక్కలూ జంతువులూ అన్నీ కణాలతోనే కట్టినవని సిద్ధాంతం చెప్పారు.

ఇక్కడ చరిత్ర ఒక మలుపు తిరుగుతుంది. శాస్త్రవేత్తలు కణం లోపలికి చూడ్డం మొదలుపెట్టిన రోజుల్లోనే ఈస్టిండియా కంపెనీ వాళ్ళకి కణం పొడవు మీద కన్ను పడింది. 1800లో నిజాం ఇచ్చేసిన సీడెడ్ జిల్లాల్లో భాగంగా ఆదోని కంపెనీకి వచ్చింది, బళ్ళారి జిల్లాలో ఉండేది. ఇక్కడి నల్లరేగడిలో పండేది దేశవాళీ పత్తి. వాన తక్కువైనా తట్టుకుంటుంది, పురుగుకీ అంత తొందరగా లొంగదు. కానీ పింజ పొట్టి, అంగుళం లోపే. చేత్తో రాట్నం మీద వడికేవాళ్ళకి అది చాలు. మాంచెస్టర్ మిల్లు యంత్రాలకి చాలదు. వాటికి అమెరికా పత్తిలాంటి పొడుగు పింజ కావాలి. అందుకని 1840లో అమెరికా నుంచి పత్తి సాగు తెలిసినవాళ్ళని తెప్పించారు. కోయంబత్తూరులో రాబర్ట్ వైట్ అనే వృక్షశాస్త్రవేత్త ఆధ్వర్యంలో ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశారు. దక్షిణాదిలో ఆ అమెరికన్ పత్తి పెద్దగా నిలదొక్కుకున్నది ధార్వాడ వైపు మాత్రమే. 1861-65 మధ్య అమెరికా అంతర్యుద్ధం వల్ల అక్కడి పత్తి ఆగిపోయినప్పుడు, వద్దన్న ఈ పొట్టి పింజకే ఎక్కడలేని గిరాకీ వచ్చింది. 1871లో మద్రాసు, బొంబాయి రైలు దారులు రాయచూరు దగ్గర కలిశాయి. ఆదోని సరిగ్గా ఆ దారి మీద ఉంది. బళ్ళ మీద వచ్చిన పత్తి బొంబాయి రేవుకి రైల్లో పోవడం మొదలైంది. ఆదోనిని "రెండో బొంబాయి" అనే మాట ఊరికే రాలేదు.

సామ్రాజ్యానికి పొడుగు కణం కావాలి. మరి కణం పొడుగు ఎలా పెరుగుతుంది? అది చెప్పేది గోడ కాదు, లోపలున్న రిక్తిక.

రిక్తిక అంటే రికార్డులో మనం మధ్యలో ఖాళీగా వదిలేసే పెద్ద సంచి. పేరులోనే "ఖాళీ" ఉంది కాబట్టి దానికి పనేమీ లేదనుకుంటాం. పత్తి పోగులో అన్నిటికన్నా బరువైన పని దానిదే. పత్తి పువ్వు మొదటిరోజు తెల్లగా విచ్చుకుని, రెండో రోజుకి గులాబీ రంగుకి తిరుగుతుందని చేను చూసినవాళ్ళకి తెలుసు. పువ్వు విచ్చిన ఆ రోజే లోపల గింజ మీద కణాలు ఉబ్బడం మొదలవుతుంది. రిక్తికలోకి పొటాషియం, చక్కెర, మాలిక్ ఆమ్లం లవణాలు చేరతాయి. ఉప్పదనం ఎక్కడుంటే నీళ్ళు అక్కడికి పోతాయి కదా, అలా నీరు లోపలికి దూరుతుంది. సంచి నిండుతుంది, గోడని నెడుతుంది. ఆ దశలో గోడ పల్చగా, మెత్తగా ఉంటుంది కాబట్టి సాగుతుంది. బాగా పెరిగే రోజుల్లో ఒక్క రోజుకి రెండు మిల్లీమీటర్లు. కణం విభజన చెందదు, పక్క కణంతో కలవదు. సైకిల్ ట్యూబులో గాలిలాగా నీటి ఒత్తిడి ఒక్కటే దాన్ని పొడుగు లాగుతుంది.

ఇందులో ఇంకో తమాషా ఉంది. మొక్క కణాల మధ్య సన్నటి దారులుంటాయి, సరుకు ఇటునుంచి అటు పోడానికి. పింజ వేగంగా సాగే రోజుల్లో కొన్నాళ్ళపాటు గింజకీ పోగుకీ మధ్య ఆ దారులు మూసుకుంటాయని 2001లో వచ్చిన పరిశోధన చూపించింది. లేకపోతే లోపల పెరిగిన ఒత్తిడి వెనక్కి కారిపోతుంది. మన భాషలో చెప్పాలంటే లోడ్ ఎక్కువున్నప్పుడు పోర్టులు మూసేసి, కావాల్సిన సరుకు మాత్రం కాపలాదారులున్న గేటు ద్వారా తెప్పించుకోవడం. ఆ గేటు కణత్వచం, గోడకి ఆనుకుని లోపలివైపు ఉండే పల్చటి పొర.

ఇదంతా జరిగేది పువ్వు వచ్చాక మూడు వారాల్లో. పడమటి కర్నూల్లో జూన్, జులైలో విత్తితే ఆ మూడు వారాలు ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లో పడతాయి. జిల్లా సగటు వాన ఏడాదికి ఏడొందల మిల్లీమీటర్లు కూడా లేదు. 1953లో పూర్తయిన తుంగభద్ర డ్యాం దిగువ కాలవ ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు వైపు వస్తుంది గానీ అది అందే పొలాలు అందేవే, మిగతాదంతా వానాధారం. ఆ మూడు వారాల్లో వాన ఎగ్గొడితే రిక్తిక నిండదు. రిక్తిక నిండకపోతే పింజ సాగదు. నెల తర్వాత కుంభవృష్టి కురిసినా లాభం లేదు, గోడ గట్టిపడ్డాక ఇంక సాగదు కాబట్టి. ఎండాకాలంలో అటకెక్కించిన కుండలా ఒకసారి కాలితే ఆకారం మారదు.

ఇప్పుడు మందం. పదిహేను, ఇరవై రోజులు దాటాక కణం పొడుగు పెరగడం తగ్గించి, గోడ లోపలివైపు సెల్యులోజ్ పొర మీద పొర పూయడం మొదలెడుతుంది. ఈ పని ఇంకో మూడు, నాలుగు వారాలు. 1919లో లారెన్స్ బాల్స్ అనే ఆయన, ఈజిప్టు పత్తి మీద ఎన్నో ఏళ్ళు పనిచేసినవాడు, పోగుని ఉబ్బేలా చేసి అడ్డంగా చూస్తే చెట్టు మొద్దులో వలయాల్లాగా వలయాలు కనిపిస్తాయని చూపించాడు. చెట్టుకి ఏడాదికో వలయం, పత్తి పోగుకి రోజుకో వలయం. పగటి వేడికీ రాత్రి చల్లదనానికీ గోడ పూత తేడాగా పడుతుంది. ఉష్ణోగ్రత మారకుండా ఒకేలా ఉంచి పెంచితే ఆ వలయాలు కనిపించవు. ఇది చదివినప్పుడు నాకు లాగ్ ఫైలు గుర్తొచ్చింది. ఆ సెప్టెంబరులో, ఆ అక్టోబరులో చేను ఏం అనుభవించిందో రోజువారీ లెక్క పోగు గోడలో రాసి ఉంటుంది. చదివేవాడు లేడంతే.

ఆ పూత పూసే యంత్రాలు కణత్వచంలో కూర్చుని ఉంటాయి. చక్కెరని తీసుకుని, గొలుసు కట్టి, బయటివైపు గోడకి వదుల్తాయి. మొక్కల్లో ఈ పని చేసే ఎంజైము జన్యువులు మొట్టమొదట దొరికింది 1996లో, అదీ పత్తి పోగులోనే. పొడుగు పెరిగే దశలో గోడకి కావాల్సిన జిగురు పదార్థాలు వేరు, అవి గాల్జీ సంక్లిష్టంలో తయారై చిన్న చిన్న మూటల్లో గోడ దగ్గరికి చేరతాయి. కెమిల్లో గాల్జీ దాన్ని చూసింది 1898లో. మైటోకాండ్రియాకి బెండా ఆ పేరు పెట్టిందీ 1898లోనే. కానీ ఆ మైటోకాండ్రియా తయారుచేసే సరుకు ఏమిటో తెలియడానికి ఇంకో ముప్ఫయ్యేళ్ళు ఆగాల్సి వచ్చింది.

ఆ సరుకు దగ్గర మన తెలుగువాడు ఒకాయన ఉన్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని రంగుని బట్టి కొలిచే పద్ధతి కనిపెట్టాడు. ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే 1929లో వాళ్ళిద్దరూ కండరంలో ఏటీపీ అనే పదార్థాన్ని పట్టుకోగలిగారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా పట్టుకున్నాడు. కణంలో ఏ పని జరగాలన్నా, రిక్తికలోకి పొటాషియం తోడాలన్నా, గాల్జీ మూటలు మోయాలన్నా, ఖర్చయ్యేది ఏటీపీనే. మైటోకాండ్రియా చక్కెరని కాల్చి దాన్ని తయారుచేస్తుంది. కండరంలో ఏదైతే ఉందో పత్తి పోగులోనూ అదే. రికార్డులో మనం రాసిన "శక్త్యాగారం" వెనక అసలు కథ ఇది.

మరి ఆ చక్కెర ఎక్కడిది? పింజ కణం తన వంట తాను చేసుకోదు. కాయ లోపల చీకట్లో ఉంటుంది, హరితరేణువులు దాని పనికి రావు. ఆకులు వండి పంపాలి. పడమటి మండలాల్లో కాయ నిండే సమయానికి పత్తి ఆకులు ఎర్రబారడం మామూలుగా చూస్తుంటాం. మెగ్నీషియం అందకపోతే హరితరేణువుల్లోని పచ్చదనం నిలవదు, ఎందుకంటే ఆ పచ్చరంగు అణువు నడిమధ్య ఉండేదే మెగ్నీషియం. ఆకు ఎర్రబడిందంటే వంటిల్లు మూతపడినట్టే. గోడ పూతకి చక్కెర రాదు. కాయ పగులుతుంది, పత్తి వస్తుంది, తూకం కూడా కొంత తూగుతుంది. కానీ పోగు లోపల గోడ పల్చగా ఉంటుంది.

ఇంతవరకూ కేంద్రకం ఊసెత్తలేదు. కావాలనే ఎత్తలేదు. ఎందుకంటే ఇరవయ్యేళ్ళుగా పత్తి గురించి మాట్లాడేవాళ్ళంతా కేంద్రకం గురించే మాట్లాడుతున్నారు.

కేంద్రకానికి ఆ గుర్తింపు ఇచ్చింది రాబర్ట్ బ్రౌన్, 1831లో, ఆర్కిడ్ మొక్కల కణాల్లో చూసి. అందులో క్రోమోజోములుంటాయి, వాటిలో జన్యువులు. మన దేశవాళీ పత్తికి 26 క్రోమోజోములు, అమెరికన్ పత్తికి 52. అందుకే ఆ రెంటినీ కలిపి సంకరం చేయడం అంత సులువు కాదు. అమెరికన్ రకాల్లోనే రెంటిని కలిపి 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ హెచ్-4 అనే హైబ్రిడ్ ఇచ్చాడు, ప్రపంచంలో వాణిజ్యపరంగా సాగైన మొదటి పత్తి హైబ్రిడ్ అది. హైబ్రిడ్ అంటే ఏటా కొత్త విత్తనం కొనాలి. ఆ విత్తనం తయారవ్వాలంటే ఒక్కో పువ్వులో పుప్పొడి తిత్తులు చేత్తో గిల్లేసి, మర్నాడు పొద్దున వేరే పువ్వు పుప్పొడి అద్దాలి. ఆ సన్నటి పనికి కర్నూలు జిల్లా విత్తన పత్తి చేలల్లో బడికి పోవాల్సిన ఆడపిల్లల్ని పెట్టారని 2000ల దశకంలో ఎన్నో అధ్యయనాలు బయటపెట్టాయి. ఒక కేంద్రకాన్ని ఇంకో కేంద్రకంతో కలపడానికి ఎవరి వేళ్ళు వాడుకున్నాం అన్నది కూడా కణం చరిత్రలో భాగమే.

2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. మట్టిలో ఉండే ఒక బాక్టీరియా జన్యువుని పత్తి కేంద్రకంలో చేర్చారు. కేంద్రకం నుంచి ఆ సందేశం రైబోజోములకి చేరుతుంది, అవి ఆ ప్రొటీన్ తయారుచేస్తాయి. కాయతొలుచు పురుగు ఆకు తిన్నప్పుడు ఆ ప్రొటీన్ దాని పేగు కణాల కణత్వచానికి అతుక్కుని చిల్లులు పెడుతుంది. నీళ్ళు లోపలికి దూరి ఆ కణాలు ఉబ్బి పగుల్తాయి. పత్తి కణాన్ని పొడుగు లాగే నీటి ఒత్తిడే పురుగు కణాన్ని చంపుతుంది. పద్ధతి తెలివైనదే, కాదనను. మొదటి రకాలు మన రాష్ట్రంలో సరిగా పండలేదని 2005లో మూడు హైబ్రిడ్లని ఆంధ్రప్రదేశ్‌లో నిషేధించారు. 1,600 రూపాయలు దాటిన 450 గ్రాముల పేకెట్, రాష్ట్ర ప్రభుత్వం ఎంఆర్‌టీపీ కమిషన్‌కి వెళ్ళాక 2006లో 750కి దిగింది. ఆ తర్వాత పత్తి చేలన్నీ దాదాపు బీటీయే అయ్యాయి. 2010 నాటికి గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి జన్యువుకి అలవాటుపడిందని కంపెనీయే ఒప్పుకుంది. తర్వాత రెండో జన్యువుకి కూడా. పురుగు చేసిందల్లా తన పేగు కణం మీద ఆ ప్రొటీన్ అతుక్కునే తాళం కప్ప మార్చుకోవడమే.

నా అభ్యంతరం బీటీ మీద కాదు, దాని చుట్టూ జరిగిన ప్రచారం మీద. కేంద్రకంలో ఒక ఫైలు మారిస్తే అంతా మారిపోతుందన్న నమ్మకం మీద. మనం రోజూ చేసే పనిలో ఇది తెలిసిందే కదా, కోడ్ ఎంత బాగున్నా కరెంటు లేకపోతే సర్వర్ నడవదు. బీటీ జన్యువు పురుగుని ఆపుతుంది. రిక్తిక నింపదు. గోడ పూయదు. ఆకుకి మెగ్నీషియం ఇవ్వదు. అవి నీళ్ళూ, నేలా, ఎండా చేసే పనులు. గుంటూరు వైపు మిరప కోతలకి, పత్తి తీతకి ఏటా వలసపోయే కుటుంబాలున్న కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు మండలాల్లో కొరత విత్తనానిది కాదు, నీళ్ళది.

సరే, కాయ పగిలింది. ఆ రోజుతో కణం చచ్చిపోతుంది. లోపలున్న నీరు ఆరిపోతుంది, రిక్తిక, కేంద్రకం, మైటోకాండ్రియా అన్నీ ఎండి ఒక మరకలా మిగుల్తాయి. గుండ్రటి గొట్టం చప్పిడి పడి రిబ్బను అవుతుంది. గోడలో సెల్యులోజ్ పోగులు వాలుగా, మధ్యమధ్యలో దిశ మార్చుకుంటూ పేర్చి ఉంటాయి కాబట్టి ఆరేటప్పుడు అటూ ఇటూ మెలికలు తిరుగుతుంది. ముందు చెప్తానన్న మెలికలు ఇవే. ఈ మెలికలే లేకపోతే నూలు లేదు. వడికేటప్పుడు పోగుకి పోగు పట్టు దొరికేది వాటి వల్లే. బూరుగు దూది చూడండి, అది కూడా ఒక్కో పోగు ఒక్కో కణమే, తెల్లగా మెరుస్తూ ఉంటుంది. కానీ గోడ పల్చన, నున్నటి గొట్టం, మెలికలు లేవు. అందుకే దిండ్లలోకి పోతుంది తప్ప మగ్గం ఎక్కదు.

మగ్గం అంటే ఎమ్మిగనూరే. 1938లో మాచాని సోమప్ప గారు అక్కడ చేనేత సహకార సంఘం మొదలుపెట్టారు. 1954లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. నూలు అప్పుగా ఇచ్చి, నేసిన గుడ్డ తిరిగి కొని, అమ్మకం సంఘమే చూసుకోవడం వల్ల నేతగాడు షావుకారు చేతిలోంచి బయటపడ్డాడు. మిగతా చరిత్ర ఆ ఊరివాళ్ళు నాకంటే బాగా చెప్తారు. నేను చెప్పేది అద్దకం తొట్టి దగ్గర కనిపించే విషయం. ఒక్కోసారి రంగు వేశాక గుడ్డ మీద తెల్లటి చుక్కలు మిగిలిపోతాయి, ఎంత ముంచినా రంగు పట్టదు. 1849లోనే గ్లాస్గో దగ్గర వాల్టర్ క్రమ్ అనే రసాయన శాస్త్రవేత్త, ఆయనకి అద్దకం మిల్లు కూడా ఉండేది, ఇలాంటి పోగుల్ని మైక్రోస్కోపులో చూసి ఇవి ముదరని పత్తి పోగులని తేల్చాడు. గోడ పల్చగా ఉన్న కణాలు. రంగు నిలిచేది గోడలో. గోడే లేకపోతే రంగు దేన్ని పట్టుకోవాలి? అక్టోబరులో ఆదోని దగ్గర ఏదో చేలో ఆకులు ఎర్రబడ్డ సంగతి ఏడాది తర్వాత ఎమ్మిగనూరు దుప్పటి మీద తెల్ల చుక్కగా తేలుతుంది. నేతగాడి పనితనం మీద ఆ నింద పడుతుంది.

ఇప్పుడు ధర దగ్గరికొద్దాం. కేంద్రం ప్రకటించే మద్దతు ధరలో రెండు ముఖ్య తరగతులున్నాయి. మధ్య పింజ: 24.5 నుంచి 25.5 మిల్లీమీటర్లు, మైక్రోనేర్ 4.3 నుంచి 5.1. పొడుగు పింజ: 29.5 నుంచి 30.5 మిల్లీమీటర్లు, మైక్రోనేర్ 3.5 నుంచి 4.3. 2024-25 సీజనులో క్వింటాకి మొదటిది 7,121 రూపాయలు, రెండోది 7,521. అంటే కణం అయిదు మిల్లీమీటర్లు ఎక్కువ సాగితే క్వింటాకి 400. మైక్రోనేర్ అంటే దూది కుక్కిన చిన్న గొట్టంలోంచి గాలి ఎంత తేలిగ్గా పోతుందో చూసే కొలత. సన్నగా, గోడ పల్చగా ఉన్న పోగులైతే గాలికి అడ్డం ఎక్కువ, అంకె తక్కువ వస్తుంది. మొదటి కొలత రిక్తిక చేసిన పని. రెండోదానిలో ఎక్కువ భాగం గోడ పూత. తేమ ఎనిమిది శాతం దాటితే ధరలో కోత, పన్నెండు దాటితే కొనరు.

కొలతలు శాస్త్రీయమే. కానీ మార్కెట్ యార్డులో సాధారణంగా జరిగేది ఏమిటి? తేమకి మీటరు పెడతారు. పింజని మాత్రం రెండు వేళ్ళతో లాగి చూసి, రంగు చూసి, ఒక మాట చెప్తారు. యంత్రంతో సరైన పరీక్ష జరిగేది బేళ్ళు కట్టాక, మిల్లు కొనేటప్పుడు. అంటే కణం గురించిన నిజమైన సమాచారం పుట్టేసరికి సరుకు రైతు చేతిలో ఉండదు. మిల్లుకి ఆ అంకె తెలుసు, వ్యాపారికి తెలుసు, పండించినవాడికి తెలియదు. మంచి గోడ కట్టినవాడికీ, పల్చటి గోడ వచ్చినవాడికీ ఒకే లాట్‌లో దాదాపు ఒకే ధర. పల్చటి గోడ వచ్చినవాడికి కూడా ఎందుకు వచ్చిందో చెప్పేవాడు లేడు. నీళ్ళు చాలలేదా, మెగ్నీషియం చాలలేదా, పొటాష్ చాలలేదా, విత్తడం ఆలస్యమైందా? రెండు అంకెలు చేతికొస్తే ఇందులో సగం తేల్చుకోవచ్చు. పింజ పొట్టిగా ఉంటే పూతవేళ నీటి సమస్య. పొడవు బాగుండి మైక్రోనేర్ పడిపోతే కాయ నిండేవేళ ఆకు సమస్య. మనం లాగ్స్ చూసి బగ్ ఎక్కడుందో చెప్పినట్టే.

ఇది కోట్లతో అయ్యే పని కూడా కాదు. ఆదోనిలో పత్తి యార్డు ఉంది, వ్యవసాయ పరిశోధనా స్థానం కూడా ఆ ఊళ్ళోనే ఉంది. రైతు తెచ్చిన లాట్‌లోంచి గుప్పెడు దూది తీసి, పరీక్షించి, పింజ పొడవు, మైక్రోనేర్ రాసిన కాగితం వేలానికి ముందే అతని చేతిలో పెట్టడం అసాధ్యమేమీ కాదు. పాలకేంద్రంలో వెన్న శాతం చూసి పాలవాడికి చీటీ ఇవ్వడం ఎప్పటినుంచో చూస్తున్నాం. పాలకున్న మర్యాద పత్తికి ఎందుకు లేదు?

అలాగే ఆదోని, ఎమ్మిగనూరు బళ్ళలో కణం పాఠం ఉల్లిపాయ పొరతో మొదలెట్టక్కర్లేదు. పిల్లలకి ఒక పచ్చి పత్తికాయ, ఒక పగిలిన కాయ, ఒక నూలు పోగు ఇస్తే చాలు. పచ్చికాయ కోస్తే నీళ్ళతో నిండిన బతికున్న కణం, పగిలిన కాయలో గోడ ఒక్కటే మిగిలిన కణం. ఏ భాగం ఏం చేస్తుందో బట్టీ పట్టాల్సిన పని ఉండదు, వాళ్ళలో సగంమంది ఇళ్ళలో ఆ ఏడాది అప్పు తీరిందా లేదా అన్నది ఆ భాగాల మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి.